శనివారం క్లాసు

చీమకుర్తిలో చీకటిని కోసి అమ్ముతారు.
నల్లరాయి, లోపలంతా చుక్కలు.
ఓడెక్కి పోయి ఎవరి వంటింటి గట్టో అవుతుంది.
చుక్కలు వాళ్ళకి, పొడి మాకు:
దండెం మీద, అన్నం గిన్నె మూత మీద,
పాలిషింగులో పదకొండేళ్ళుగా నా కనుబొమల మీద.

వైరు కోత మిషను వచ్చి రెండేళ్ళు.
దాని పుస్తకం ఇటలీ భాషలో ఉంది,
దాని బటన్లు టెక్కలి నుంచొచ్చిన అప్పన్న వేళ్ళ కింద.
మధ్యలో ఎవరూ లేరు.

"నేర్పించండయ్యా" అన్నాడు యూనియన్ ఖాజావలి.
"నేర్చుకునేది మీరైతే కూలి నేనెందుకివ్వాలి?" ఓనరు.
"మిషను మీదైతే మా కూలెందుకు పోవాలి?"
"స్కీముంది, పదో తరగతి పాసైనట్టు
జెరాక్సు రెండు కాపీలు" అంది ఒంగోలు ఆఫీసు.
ఎనిమిది మీటింగులు.
టీలు మాత్రం కలిసే తాగారు.

ఒక మంగళవారం వైరు తెగింది.
వజ్రపు పూసల తీగ
కొరడాలా లేచి, అప్పన్న ఎడమ కంట్లో వాలింది.

పెద్దాసుపత్రి వరండాలో బెంచీ ఒకటే.
ఓనరూ, ఖాజావలీ, ఐటీఐ సలోమి మేడమూ
మోకాళ్ళు తగిలేలా కూచున్నారు.
మందుల చీటీ వెనక ఓనరే రాశాడు:
"శనివారం మధ్యానం. పూర్తి కూలి."
"ఆడోళ్ళకి కూడా" అని ఖాజావలి ఇరికించాడు.
"పదో తరగతి" అన్న మాట ఎక్కడా లేకుండానే
మేడం సంతకం పెట్టేసింది.
పైవాళ్ళతో తర్వాత తిట్లు తిన్నదట.

మొదటి క్లాసు చెప్పింది మాల్యాద్రి తాత.
సుత్తి తీసి బండ మీద తట్టాడు.
"ఖంగుమంటే నిబ్బరంగా కోసుకోండి.
డొబ్బుమందా, లోన సన్నగీతుంది.
ఆడే తీగ తెగుద్ది.
నలభై ఏళ్ళనించీ చెప్తన్నా, వినేదెవరు?"
మేడం గబగబా బోర్డు మీద రాసుకుంది.
రాయడం రాని మనిషి చెప్పిన పాఠం.

నేర్పినందుకు తాతకి రోజుకింతని సర్కారు ఇస్తుంది,
వేలిముద్ర పడితే.
పడలేదు.
గీతలన్నీ రాయి తినేసింది, మిగిలింది నున్నటి చర్మం.
మిషను ఎర్రగా మెరిసి, మళ్ళీ పెట్టమంది.
మళ్ళీ పెట్టాడు.
ఇప్పుడు దాని మీద తొమ్మిదో మీటింగు.

పోయిన నెల రెండు శనివారాల కూలీ రావాల్సే ఉంది.
ఖాజావలి డైరీలో ఎక్కించాడు,
ఓనరు "చూద్దాం" అన్నాడు,
ఆ "చూద్దాం" కిందా తారీఖు వేయించాడు ఖాజావలి.

నిన్న నా వంతు.
పచ్చ బటన్ మీద వేలుంది, గుండె గొంతులో ఉంది.
కళ్ళు తీగ మీంచి కదల్లేదు.
వెనక ముక్కాలిపీట మీంచి అప్పన్న,
నల్లద్దాల్లోంచి ఎటు చూస్తున్నాడో తెలీకుండా అన్నాడు:
"చూడమాకు ఆదెమ్మక్కా.
ఇను."