కాళ్లు బయటికి రాకుండా

మా చెంగల్రాయుడు పొడుగు.
ఏ దుప్పటైనా వాడికి ముక్కాలే.
మెడదాకా లాక్కుంటే పాదాలు బయట,
పాదాలు దాచుకుంటే ఛాతీ బయట.
పలమనేరు చలి ఎట్లాంటిదో
బస్సు కిటికీ మూసుకొని పొయ్యేవాళ్లకు తెలవదు.
అందులోనూ మంచె మీద నిద్ర.
నిద్ర అని పేరు, అంతే.
కౌండిన్య అడవంచున ఎకరన్నర చెరుకు,
దానికి కాపలా ఒక టార్చిలైటు,
కొట్టి కొట్టి సొట్టలు పడిన నూనె డబ్బా,
నా తమ్ముడు.

బొంత కుడతానంటే నవ్వినాడు.
"బజార్లో మూడు నూర్లకే రగ్గు దొరకతాది కదక్కా."
దొరకతాది,
నీ కాళ్లకు దొరకదు.

కొలత కోసం వాణ్ణి పడుకోమన్నా.
అమ్మ వంటింట్లోనుంచి అరిచింది:
"పడుకున్నోణ్ణి కొలవబాకు,
ఆ కొలత వేరే పనికి తీస్తారు."
నిలబెట్టి కొలుద్దామంటే
వాడు అప్పటికే గడప దాటె.
ఆఖరికి, వాడు తల వంచుకొని వచ్చే వాకిలిని కొలిచినా.
వాకిలంత,
పైన నాలుగు వేళ్లు,
కింద మోకాళ్లు ముడవకుండా ఒక జానెడు.
వెడల్పు మాత్రం ఇంకో మూర కలిపినా.
ఎందుకో నేను చెప్పను.
గుడియాత్తం నుంచి వచ్చిన మా మరదలు సెల్వి
పాప నిద్రపోయినాక
డబ్బా కొట్టే సాయానికని మంచెక్కుతాది.

అడుగుపొర అమ్మవి రెండు నగరి చీరలు,
మెత్తబడి మెత్తబడి ఆవుచెవి మాదిరి అయినవి.
నడుమ వాడి పాత లుంగీలు, పాప చిన్నప్పటి గౌన్లు,
మొన్నటి ఎలక్షన్లలో ఇంటికొచ్చిన కండువాలు,
రెండు పార్టీలవీ.
బయట కొట్టుకున్నాయి గానీ
లోపల ఒకే కుట్టు కింద పక్కపక్కనే పడుకున్నాయి.
పైపొర
గంగజాతరకు నేను కట్టిన పసుపుచీర.

మిద్దె మీద పరిచి, నాలుగు మూలలా
రోకలి, రుబ్బుగుండు, రెండు ఇటుకలు పెట్టి
అంచునుంచి లోపలికి చుట్టూ చుట్టూ వచ్చినా.
దబ్బనం గుచ్చుకోకుండా
బొటనవేలికి సైకిల్ ట్యూబు ముక్క.
ఎదురింటి పాపమ్మత్త వచ్చి కూర్చుంటే
ఆ వరస కుట్లు వంకర పోతాయి,
ఆమె చెప్పే కథలట్లాంటివి.
నడుమ భాగం మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా
లెక్కపెట్టి కుట్టినా, వడ్లగింజ తర్వాత వడ్లగింజ.
ఆఖరి మూల
కరెంటు పోయిన రాత్రి, తొందర తొందరగా.

మాఘమాసం, అమావాస్యకు ముందు
సామి వచ్చినాడు.
మా పక్క ఏనుగును పేరు పెట్టి పిలవరు.
ఒక్కడు కాదు, నలుగురు.
డబ్బా మోగింది, లైటు తిరిగింది,
ఆ తర్వాత రెండూ ఆగిపోయినాయి.
తెల్లారేదాకా మా ఇంట్లో ఎవరూ
ఎవరి మొహమూ చూడలేదు.

వాడు వచ్చినాడు, సెల్వి వచ్చింది,
మోచేతులు దోక్కుపోయి, బురదతో.
ఫారెస్టువాళ్లు వచ్చి ఫోటోలు తీసుకున్నారు.
చెరుకు రాసుకున్నారు, మంచె రాసుకున్నారు.
బొంతను రాసుకోలేదు.

అది కాలవలో దొరికింది.
పలక పగలగొట్టిన పిల్లోడి మాదిరి
వీపు వెనకాల దాచుకొని తెచ్చినాడు.
చెరుకు పోయిందని చెప్పేటప్పుడు వణకని గొంతు
"అక్కా, ఇది..." అని ఆగిపోయింది.

విప్పి చూసినా.
లెక్కపెట్టి కుట్టిన నడుమే చీలింది,
రెండు కండువాలూ బయటికి తొంగి చూస్తున్నాయి.
చీకట్లో తోచినట్టు వేసిన మూల
ఒక్క పోగు జారలేదు.
ఇందులో నీతి ఏముందో నాకు తెలవదు.
ఉతికి, రెండెండలకు ఆరబెట్టి,
మళ్లీ మిద్దె మీద పరిచినా.

మధ్యాహ్నం వాడు అన్నం తిని వచ్చి
దానిమీదనే వాలినాడు.
రాత్రుళ్ల బాకీ అంతా ఒకేసారి తీర్చేటోడి నిద్ర.
లేపలేదు.
వాడి భుజం పక్కనుంచి, నడుము పక్కనుంచి,
మడమల కిందుగా
వాడి చుట్టూ కుట్టుకుంటా పోయినా.
పాదాలు దాటి ఇంకా జానెడుంది.

అమ్మ మెట్లెక్కి వచ్చి చూసింది,
పడుకున్నోణ్ణి, పక్కన నన్ను, నా చేతిలో కొలతను.
ఏమీ అనలేదు.
దారం అయిపోయిన దబ్బనాన్ని తీసుకొని
ఆకాశానికి ఎత్తిపట్టి, కళ్లు చికిలించి,
నాలుగోసారికి ఎక్కించి
నా చేతికిచ్చింది.