ఖాళీ వల

భావనపాడు ఐసు ఫ్యాక్టరీలో
తెల్లారి మూడింటికి దిమ్మలు దించుతుంటే
అమోనియా ముక్కుకి తగిలి
లేహ్ గుర్తొస్తుంది నాకు.
అక్కడ అమోనియా లేదు. అసలు వాసనే లేదు,
చలికి ముక్కు చచ్చిపోతుంది.
అయినా గుర్తొస్తుంది.

మిలట్రీలో చేరేనాటికి
ఈత వచ్చు, తెప్ప నడపడం వచ్చు.
రెండూ పనికిరాని చోటికి పంపారు.
గడ్డకట్టిన చెరువు మీద సుబేదారు
నా కాళ్లకి కత్తులు కట్టించి
"సముద్రం వాడివి కదా, నీళ్ల మీద నిలబడు" అన్నాడు.
పడ్డాను. మర్నాడూ పడ్డాను.
పడడం బాగా వచ్చింది కనక
గోల్‌కీపర్ని చేశారు.

మా సూరాడ వాళ్లలో
వల వేసినోళ్లున్నారు, అల్లినోళ్లున్నారు,
వల కోసం కోర్టుకెక్కినోళ్లున్నారు.
వల ఖాళీగా ఉంచి
జీతం తీసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.
ఎర్రమ్మప్ప ఫోన్లో పడీపడీ నవ్వింది:
"ఖాళీ వలకి డబ్బులిత్తారేట్రా కొర్లా?
అలగైతే మీ బావకి ఈపాటికి మేడుండును!"

మోకాలు పోయాక ఆట మానేశాను.
ఆడపిల్లల జట్టుకి కోచ్ కావాలన్నారు.
దేశం జట్టు. మనుషులు పదిహేడు,
స్కేట్లు పదకొండు జతలు.
బయటికొచ్చిన పిల్ల బూట్లలో
వెచ్చన చల్లారకముందే
లోపలికెళ్లే పిల్ల కాళ్లు దూర్చేది.
కున్జెస్ కాలు చిన్నది,
వేళ్ల ముందు ఉన్ని కుక్కుకునేది.
రాత్రిళ్లు మేమే పైపు పట్టి నీళ్లు పోసేవాళ్లం,
పొర మీద పొర, పొర మీద పొర,
తెల్లారేసరికి అద్దం.

నాకొచ్చిన హిందీ, వాళ్లకొచ్చిన హిందీ
రెండూ పొట్టివే.
కోపం మాత్రం మా ఊరి మాటలోనే వచ్చేది.
"బేగి! బేగి!" అని అరిచేవాణ్ణి.
ఆ ఒక్క మాట జట్టంతా నేర్చుకుంది.
తర్వాతెప్పుడో పరాయి దేశపు రింకులో
పదిహేడు లద్దాఖీ గొంతులు
"బేగి, బేగి" అంటుంటే
అవతలి కోచ్ కాయితం మీద రాసుకున్నాడు,
ఏదో వ్యూహమనుకుని.

మొదటి మ్యాచ్. పంతొమ్మిది, సున్నా.
ఆ రాత్రి అప్ప అడిగింది:
"ఎన్ని పడ్డాయిరా?"
"పంతొమ్మిది."
"ఏ సేప?"
చెప్పలేక పెట్టేశాను.

గోల్ కాసిన లామో
ప్యాడ్లు విప్పకుండా మెట్ల కింద కూర్చుంది.
ఓదార్చడం నాకు రాదు.
పక్కులు మోసే వలసంచి చిరిగి ఉంటే తెచ్చి
ముడి వేయడం చూపించాను,
మా అయ్య నాకు చూపించిన ముడి.
వేసింది. విప్పింది. మళ్లీ వేసింది.
ఒంటిగంటకి లేచి
"ఆకలేస్తోంది సార్" అంది.

ఆరేళ్లు. పంతొమ్మిది పదకొండైంది, ఏడైంది,
మళ్లీ పదమూడైంది, ఒకసారి నాలుగైంది.
గెలిచిన రోజూ ఉంది. అందరూ దాని గురించే అడుగుతారు.
నాకు స్కోరు తప్ప ఏమీ గుర్తులేదు.

పోయిన ఏప్రిల్లో లామో పలాసలో రైలు దిగింది,
సముద్రం చూడాలని.
ఒడ్డున, అల మీదికొస్తుంటే
తెలీకుండానే మోకాళ్లు వంచి
ఎడమ చెయ్యి తెరిచింది.
అల కాళ్ల మధ్య నుంచి పోయింది.
"ఇదీ గోలే" అంది.

కవ్వళ్ల బుట్ట దించుకుంటూ అప్ప,
"ఎవుల గుంటరా?"
"నా గోల్‌కీపరు."
అప్ప తేరిపార చూసి,
"ఇదేనేటి పంతొమ్మిదీ ఒగ్గీసింది!"
ఆ పిల్లకి అర్థం కాక నవ్వింది.
అప్ప రెండు పెద్ద కవ్వళ్లు ఏరి పక్కన పెట్టింది.

ఫ్యాక్టరీకి తీసుకొచ్చాను.
దిమ్మ మీద అరచెయ్యి ఆన్చి
చాలాసేపు తియ్యలేదు.
మధ్యలో తెల్లటి గీత, గాలి చిక్కుకున్న చోటు.
"తొందరలో గడ్డకట్టింది సార్ ఇది.
దీని మీద ఆడలేం."
"చేపలకి చాలు" అన్నాను.

మిషను తిప్పితే దిమ్మ నుగ్గునుగ్గై రాలింది.
బయట లారీ హారన్ మోగుతూనే ఉంది.
ఆమే పార అందుకుని
"బేగి, బేగి" అంది
లోడింగు దానేసుతో.
దానేసు చుట్ట నోట్లోంచి తీసి
నా వైపు చూశాడు.