తుండుగుడ్డ కింద

మైదుకూరు సంతలో మా నాయన దస్తగిరి
తుండుగుడ్డ కింద వేళ్లు పట్టి బేరం చేసేవాడు.
చూపుడువేలు నొక్కితే వెయ్యి, కణుపు గిల్లితే నూరు.
తన ధర ఎంతో
ఎద్దుకు కూడా తెలిసేది కాదు.

ఎర్రగుంట్ల సిమెంటు కంపెనీలో
నాకు నలభై షేర్లు.
మూడునెల్లకోసారి గుడ్డ తీసి చూపిస్తారు:
ఫారిన్ ఫండ్లు ఇంత, మ్యూచువల్ ఫండ్లు ఇంత, బీమావాళ్లు ఇంత.
అప్పటికే ఎద్దు పొలిమేర దాటి ఉంటుంది.

ఈసారి ఒక ఫండు
రెండు శాతం దులుపుకుంది.
ఎందుకో రాయలేదు.

రాత్రి బైకేసుకుని ఫ్యాక్టరీ గేటుకాడికి పోతి.
లారీలు లెక్కపెడితి. అరవై ఒకటి,
పోయిన నెల కంటే నాలుగు ఎక్కువే.
పొగ మామూలే.
టీ బంకు రేకుల మీద దుమ్ము మామూలే.
"ఎవురి కోసమన్నా?" అన్నాడు ఒక క్లీనరు పిల్లోడు.
ఏం చెప్పేది!

ఇంటికొచ్చి ఆ ఫండు పేరు మళ్లీ చదివితి.
యాడనో చూసిన పేరు.
బీరువాలో, రేషన్ కార్డు అడుగున
మౌలాబీ మడిచి పెట్టుకున్న కాగితం:
నెలకు ఐదువందలు, ఏడేండ్లుగా,
అదే ఫండు.

నిద్దట్లో ఆమె చెయ్యి నా చేతి మీద పడింది.
దుప్పటి కింద
ఏ వేలు నొక్కిందో
లెక్క కట్టుకుంటా పడుకుంటి.