వ్రాసినవాడు

తెనాలి కోర్టు బోనులో నిలబెట్టి
రెండు దస్తావేజులు నా ముందు పెట్టారు.
రెండిటి అడుగునా ఒకటే పేరు:
వ్రాసినవాడు, గుడిమెట్ల వీరాంజనేయులు, దుగ్గిరాల.

మొదటిది నాలుగేళ్ళ కిందట, పసుపు తవ్వే రోజుల్లో.
ఏస్తేరమ్మ చెప్పింది ఒక్కటే మాట:
"పిల్లకి రాయి నాయనా."
మిగతాదంతా నాది. అంటే నాదీ కాదు,
మా గురువు దగ్గర దింపుకున్న నమూనా:
ప్రేమాభిమానముల చేత,
ఎవరి బలవంతమూ లేక,
చెల్లెలి కుమార్తెవైన నీకు, జ్ఞానసుందరికి,
చిలువూరు పొలిమేరలో నలభై రెండు సెంట్లు
దాన వినిమయ విక్రయాధికారములతో
ఆచంద్రార్కం అనుభవించగలవు.
సూర్యచంద్రులున్నంత కాలానికి
నేను తీసుకున్నది ఆరొందలు.

హద్దులడిగాను.
తూర్పు, యాకోబు చేను. దక్షిణం, పంటబోదె. పడమర, డొంక.
ఉత్తరం దగ్గర ఆగింది ముసలామె.
"ఉత్తరాన మా ఆయన సమాధి."
సమాధి హద్దు కాదమ్మా, సర్వే నంబరు చెప్పు, అన్నాను.
చెప్పలేదు.
సమాధే రాశాను.

రెండోది మొన్న వానల్లో.
మరిది కొడుకు జయపాలు బండి మీద తీసుకొచ్చాడు.
మాట అతనిది, వేలిముద్ర ఆమెది.
"నా ఆలనా పాలనా చూడనందున రద్దు" అని రాయమన్నాడు.
ఇచ్చిన మనిషి ఒక్కతే వచ్చి
ఇచ్చినదాన్ని వెనక్కి పిలిస్తే చెల్లదని
ముప్ఫై ఏళ్ళ కలానికి తెలియదా?
తెలిసే రాశాను. పన్నెండొందలు.
కొట్టేసే రాతకి రేటెక్కువ.

హద్దులు పాతవే ఎక్కించాను.
గజం భూమి కదల్లేదు.
యాకోబు అక్కడే, బోదె అక్కడే, పడుకున్నాయన అక్కడే.
ఆ పిల్లని నువ్వు అని పిలిచిన కాగితం
ఇప్పుడు సదరు గ్రహీత అంటోంది, అంతే.

ఆ రోజు సర్వరు పనిచేయక మధ్యాహ్నం మూడైంది.
ఏస్తేరమ్మ నా బల్ల పక్కనే కూచుని
స్టీలు క్యారియరు విప్పింది.
కింద గిన్నెలో అన్నం, పైదాంట్లో గోంగూర పప్పు,
మూతలో, పళ్ళు లేని నోటికని,
మెత్తగా మెదిపిన వంకాయ.
గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు:
జి. జ్ఞానసుందరి.

ఎవరు కట్టారమ్మా అని నేనడగలేదు.
ఆమె తిన్నంతసేపూ
"చూడనందున" అన్న మాట మీద
అరచెయ్యి బోర్లించి కూచున్నాను.
ఆమెకి చదువు రాదు.
అయినా.

రద్దు చెల్లదని జ్ఞానసుందరి వేసిన దావాలో
నేను మూడో సాక్షిని.
ఈ రాత మీదేనా? నాదే.
వేలిముద్ర మీ ఎదటే వేసిందా? వేసింది.
చదివి వినిపించారా? వినిపించాను.
(అప్పుడు గూడ్సు బండి పోతోంది. అది అడగలేదు.)
క్యారియరు దాకా వస్తారని
గుక్క బిగబట్టి నిలబడ్డాను.
"ఇక దిగవచ్చు" అన్నారు.

నా అంతట నేనే చెప్పొచ్చు, చెప్పలేదు.
రాయమన్నదే రాసీ రాసీ
అడిగిందే పలికే నోరైపోయింది.

బయట, వాయిదా తేదీ ఫోన్లో ఎక్కించుకుని
జయపాలు ఎవరితోనో మాట్లాడుతూ బండెక్కి పోయాడు,
పెద్దమ్మని బస్సులో రమ్మని.
దుగ్గిరాల బస్సు కోసం ఇద్దరూ నిలబడ్డారు,
నడుమ నలుగురు పట్టేంత ఎడం.
కొలతలకి అలవాటు పడ్డ కన్ను నాది.
జ్ఞానసుందరి భుజాన గుడ్డసంచి,
సంచిలోంచి గుండ్రంగా
మూడు గిన్నెల ఆకారం.

బస్సొచ్చింది.
ముందు తలుపున ఒకరు, వెనక తలుపున ఒకరు.
లోపల ఎవరెక్కడ కూచున్నారో
జనం అడ్డమొచ్చి కనపడలేదు.

నాదీ ఆ బస్సే.
ఎక్కకుండా
తర్వాతదానికి ఆగాను.