పావు చుట్టు

నరసాపురంలో, వశిష్ట గట్టు పక్క
పాత మిషన్ బంగళాలో ఒక పియానో.
మనిషి కూర్చోకుండానే వాయిస్తుంది.
నాకొచ్చింది హార్మోనియం రిపేరు ఒక్కటే.
ఇదీ గాలి సంగతే కదా అని ఒప్పుకున్నాను.

గాలే. కాకపోతే తిరగబడ్డ గాలి.
అది ఊదుతుంది, ఇది పీలుస్తుంది.
కాగితం చుట్టలో చిల్లు వచ్చినచోట
ఒక మెట్టు కిందికి దిగుతుంది,
ఎప్పుడో పోయిన ఎవరిదో వేలు
ఇప్పుడే ఆనినట్టు.

కానీ అరుస్తోంది.
జోలపాట కూడా రేవులో పంటు హారన్‌లా.
నాకు ముందు చూసినవాడెవడో
తోలు కారుతుంటే అతకలేక
స్ప్రింగు బిగించి గొంతు పెంచి వెళ్లాడు.
ఉప్పుగాలికి పెళుసెక్కిన రబ్బరు గొట్టాలు
అప్పడాల్లా విరిగాయి.
సైకిలు వాల్వు ట్యూబులతో మార్చాను, నాలుగు రోజులు.

ఇక శబ్దం.
పెద్దదాన్ని ముందు ముట్టుకోకూడదు.
ముందు అన్నిటికన్నా మెత్తనిది.
ఇంకొంచెం తగ్గితే మూగబోతుందనే చోట
దాన్ని నిలబెడితే
పైనున్న బలమంతా దానంతటదే కుదురుకుంటుంది.

ఆ చోటే నాకు వినపడదు.
ఐసు ఫ్యాక్టరీ ఇంజను పక్కన పదకొండేళ్లు:
ఎడమ చెవి మొత్తం, కుడిది సగం.
ఎవరికీ చెప్పలేదు. చెబితే పనెవరిస్తారు?

సువార్తమ్మ క్యారేజీ తెచ్చి
గుమ్మంలో లేసు అల్లుకుంటూ కూర్చుంది.
కాగితం చుట్టని వెలుతురుకి పెట్టి చూసి
"ఇదీ లేసేనయ్యా,
చిల్లు లెక్క తప్పితే పువ్వు రాదు" అంది.

ఒకే మెట్టును కొట్టే పరీక్ష చుట్ట ఎక్కించాను.
స్క్రూ పావు చుట్టు వదిలాను.
ఆమె సూది ఆగింది.
ఇంకో పావు. ఆగే ఉంది, తల కాస్త వాల్చింది.
ఇంకో పావు.
సూది మళ్లీ కదిలింది. దారం లాగింది.
అంటే మూగబోయింది.
వెనక్కి, వెంట్రుకంత.
ఆగింది.

అక్కడ లక్క చుక్క వేసి సీలు చేశాను.
నేనేమీ అడగలేదు. ఆమె తల ఎత్తలేదు.

సాయంత్రం సఖినేటిపల్లి పంటులో
ఎడమవైపు బల్ల ఖాళీగా ఉన్నా
చేపల గంపలు జరిపించి
నాకు కుడివైపు వచ్చి కూర్చుంది.
చాన్నాళ్లుగా అటే కూర్చుంటోంది.