వాల్వుల వీపు

పొద్దుగాల సుకన్య సిస్టర్ కారు
దగ్గుకుంట వచ్చింది షెడ్డు కాడికి.
"మొదటి ఐదు నిమిషాలే ఇట్ల జానిమియా,
వేడెక్కితే మంచిగనే ఉంటది" అన్నది.
మా ఊళ్ళె నా ఈడోళ్ళు గూడ
మంచం దిగేటప్పుడు ఇదే మాట చెప్తరు.

తొంభై ఏడు వేల కిలోమీటర్లు.
మునుగోడు నుంచి పలివెల, పలివెల నుంచి కొరటికల్,
టీకాల డబ్బా దింపుడు, మళ్ళ ఎక్కించుడు,
ఇంజన్ ఒళ్ళు కాగకముందే తాళం తిప్పుడు.

మానిఫోల్డ్ ఇప్పిన.
టార్చి పట్టురా సైదులూ.

లోపల ఆరు వాల్వులు.
ఆరింటి వీపుల మీద నల్లటి చెక్కు,
అడుగంటిన బెల్లంపాకం లెక్క.
గోరుతోని గీకితే గోరే ఇరిగింది.

పాత అంబాసిడర్లల్ల ఇట్ల గాకపోయేది.
పెట్రోలు గాలితోని కలిసి
వాల్వు వీపు తడుపుకుంట లోపలికి పోయేది.
తాగుడెక్కువ, పొగెక్కువ, గుంజుడు తక్కువ,
గాని పోయేది ఊకె పోకపోయేది,
వీపు కడిగి పోయేది.

ఇప్పటి పెట్రోలుకు తొందర.
రెండు వందల బార్ల ఒత్తిడితోని
సూటిగ సిలిండర్లకే దుంకుతది,
వాకిట్ల కాళ్ళు కడుక్కోకుంట
పొయ్యి కాడికే ఉరికే చుట్టం లెక్క.
వాల్వు వీపుకు మిగిలింది
బ్రీదరు పైపుల నుంచి వచ్చే ఆయిలు ఆవిరే.
అది వస్తది, కూసుంటది, మాడుతది.
ఇయ్యాల ఏం గాదు. రేపు గూడ ఏం గాదు.

సైదులు అడిగిండు:
"అక్రోటు చిప్పల పొడి హైదరాబాదు నుంచి ఎందుకు మామా,
మిర్యాలగూడ మిల్లులల్ల ఊక గుట్టలున్నయ్ గద?"
వద్దురా, ఊకల ఇసుక గుణముంటది,
మురికితోపాటు ఇనుమును గూడ గీకుతది.
అక్రోటు చిప్పకు ఆడ ఆగుడు తెలుసు.

వాడే వంగిండు. గొట్టం పట్టిండు.
నేను వంగ.
నా మెడ పక్కకు తిరుగాల్నంటే
నేను మొత్తం తిరుగాలె.
నల్లగొండ దవఖానల ఫోటో తీసి
డాక్టరు వెలుతురుకు పట్టి చూపెట్టిండు:
పూసకూ పూసకూ నడుమ
సున్నం కొట్టిన గోడ.
మా చిన్నప్పటి బోరు నీళ్ళు
సల్లగుండేవి, తేటగుండేవి,
ఎండకాలం మూడు చెంబులు తాగి మూతి తుడుసుకునేటోళ్ళం.
ఏ చెంబు ఏ పూస కాడ ఆగిందో
ఎవ్వరు లెక్క రాసిండ్రు?

తర్వాత కృష్ణ నీళ్ళు నల్లాలల్ల వచ్చినయ్.
నీళ్ళు మారినయ్.

పొడి కొట్టంగ కొట్టంగ
రెండు గంటలకు ఇనుము రంగు తేలింది.
సైదులు నవ్విండు.
వాని పండ్లు తెల్లగ, గీతల్లేకుంట.
వాడు నల్లా వచ్చినంక పుట్టినోడు.
ఆ నవ్వు దిక్కు నేను శానసేపు చూసిన,
టార్చి వెలుతురు వాల్వు మీదనే ఉంచి.

స్టార్ట్ జేస్తే దగ్గు లేదు.
పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజన్‌కు,
ఒక కొస చెవుకు పెట్టి ఇన్న.
చైను చప్పుడు జర వదులుగనే ఉన్నది,
అది ఇంకో దినం మాట. సిస్టరుకు చెప్పిన.

"ఇంకెన్నేండ్లు నమ్మొచ్చు దీన్ని?"
"ఇంజన్ మంచిదే సిస్టర్. కడిగేటోళ్ళు లేక గట్లయింది.
ఆయిలు ఐదు వేలకే మార్చు.
వారానికొక్కసారి నార్కట్‌పల్లి రోడ్డెక్కి
కడుపునిండ ఉరికించు, కొంచెమన్న ఆగుతది.
నలభై వేలు తిరిగినంక మళ్ళ రా."
"అప్పటికి నువ్వుంటవా?"
సైదులుంటడు అన్న.

ఆమె పైసలు లెక్కవెట్టుకుంట
నా మెడ దిక్కు చూసింది, నర్సు చూపు,
అడుగలేదు.

బానెట్ లోపలి రేకు మీద
సుద్దముక్కతోని రాసిన:
97,412. వీపులు కడిగినం.
కింద తారీఖు ఎయ్యమన్న సైదులును,
అంత కిందికి నా చెయ్యి పోలే.