అర టికెట్టు

చేతిలో వెలుతురు కొలిచే చిన్న మీటరు,
చంకలో పద్నాలుగు పేజీల ఫారం,
గ్రీన్ బిల్డింగని సర్టిఫికెట్టు ఇయ్యొచ్చా లేదా చూసేదానికి
తిరుచానూరు దోవలో మూడో సందు,
తిరువేంగడం గారి మిద్దెకు పోయినాను.

"రామ్మా, ఎక్కు ఎక్కు" అన్నాడు గడప కాడ.
ముప్పై ఏళ్ళు కొండ బస్సులో కండక్టరు మరి,
ఇల్లు కూడా బయల్దేరబోతున్నట్టే పిలిచినాడు.

వాననీళ్ళు ఇంకే గుంత, మూత ఎత్తి చూపించినాడు.
మొన్నటి జడివానను అది ఎన్ని నిమిషాల్లో తాగిందో
పాత వేబిల్లు వెనకాల రాసి పెట్టుకున్నాడు.
బూడిద ఇటికెలకు రసీదు ఉండాది,
మిద్దె మింద సోలారు పలకలకు రసీదు ఉండాది,
వల్లెమ్మకు మాత్రం కుళాయి మింద కోపం ఉండాది:
"బిందె నిండే లోపల చారు మరిగిపోతాదమ్మా,
ఈ సన్నదారకు మార్కులా?"
మార్కులే. రెండు.
సీట్లు లెక్కపెట్టినట్టు
వేళ్ళ మడతల్లో కూడుకుంటా ఆయన నా వెనకే.

వంటింటి కిటికీ ఉత్తరానికి.
"ఏ మలుపులో గాలి ఎట్ట కొడతాదో
నా చెవులకు తెలుసు.
కొండగాలి దిగే దోవలోనే దీన్ని పెట్టించినా,
మేస్త్రీ వద్దన్నా వినలా."

ఇప్పుడా కిటికీలో కొండ లేదు.
యాత్రికులకని జయసింహులు కట్టిస్తున్న లాడ్జి ఉంది,
నాలుగంతస్తులు లేచినా
ఊచలు ఇంకా పైకే చూస్తా ఉండాయి.
కొండ మొదట నడుము దాకా పోయిందంట,
తర్వాత భుజాలు.
ఒక మంగళవారం వల్లెమ్మ పాలు కాచుకుంటా తలెత్తితే
మిగిలిన ఆ రవంత కొన కూడా లేదు.

పోట్లాడలేదా అన్నాను.
"ముందు సీటోడి తల పెద్దదని బస్సు ఆపుతామా?"
జయసింహుల్ని ఆయన అడిగింది ఒకటే,
ఈ పక్క గోడకు తెల్లసున్నం కొట్టుకోనీమని,
ఖర్చు తనదేనని.
వాడు నవ్వి సారవ ఎక్కనిచ్చినాడు.
రెండు ఆదివారాలు, అరవై మూడేళ్ళ మనిషి,
తనది కాని గోడకు సున్నం కొట్టినాడు.

అందుకని మధ్యాహ్నం పూట
దక్షిణం ఎండ ఆ తెలుపుకు తగిలి
వెనక్కి తిరిగి
పొరుగమ్మ మాదిరి అడగకనే వంటింట్లోకొస్తాది,
పోపులపెట్టె మూత మింద కూచుంటాది.

ఫారంలో కిటికీ కొలతకు గడి ఉంది,
అద్దం మందానికి ఉంది,
బదులు తెచ్చుకున్న వెలుతురుకు లేదు.
యాడిది అని మీటరు అడగదు,
ఎంత అని మాత్రం చెప్తాది.

చెప్పింది. రవంత తక్కువ.
ఒక్క మార్కు.
వస్తే వెండి, రాకుంటే ఉత్త పాసు.

నా మొహం చూసి తెలుసుకున్నాడు.
"బస్సు తలుపు కాడ ఒక గీత ఉండేదమ్మా,
దాని కింద నిలిచిన బిడ్డకు అర టికెట్టు.
మోకాళ్ళు వంచరా అని తల్లులు గుసగుసలాడేది
నాకు వినిపిస్తానే ఉండేది."
ఏం చేసేవాళ్ళు?
"ఒక్కోసారి బయటికి చూసేవాణ్ణి."
కాసేపు ఆగినాడు.
"నా ఇంటిని మాత్రం
మునివేళ్ళ మింద నిలబెట్టబాకమ్మా."

పెన్ను మూత తీసినాను, రాయలా.
కొండ దిగొచ్చిన మబ్బొకటి
ఎండకు అడ్డం పడి ఉండాది, పోతాదో లేదో.
వల్లెమ్మ మజ్జిగ పోసేదానికి మూడు గ్లాసులు కడగబోయింది.
ఆ సన్నదార కింద చాలాసేపే పట్టింది,
ఎవరం తొందరపెట్టలా.
మీటరు గట్టు మింద పెట్టి
ముగ్గురం గ్లాసులు పట్టుకుని
ఆ గోడనే చూస్తా కూచున్నాం.